మా పంతులు రాసిన బడి ఖర్చు

మంగళవారం పొద్దున బావికి పోయిన మా చెల్లెలు ఖాళీ బిందెతో తిరిగొచ్చి, "అన్నా, పంతులు పోయిండంట" అంది. ఊఁ అని చేనుకు పోయాను. సగం కలుపు తీశాక గాని, ఆయన ఇంటికి పోవాలన్న మాటే తట్టలేదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు.

చదివేవాళ్ళకు ఆయన తెలియదు కాబట్టి చెబుతాను. మా ఊరు ఆత్మకూరుకు రెండు కోసుల దూరం. ఆయన తన వసారాలోనే మాకు చదువు చెప్పేవాడు. పంట నూర్చినప్పుడు సంచి భుజాన వేసుకుని కళ్ళాలకు వస్తే ఇంటింటివాళ్ళూ ఇన్ని జొన్నలు కొలిచేవాళ్ళు. అదే ఆయన బతుకు. దాన్ని జీతమని ఆయనా అనలేదు, మేమూ అనలేదు.

నా పదో ఏట తాలూకా కచేరి నుంచి కాగితం వచ్చింది. ఊరికి సర్కారు బడి ఇస్తారట, ఏడాదికి ఏమేం ఖర్చవుతుందో పట్టీ రాసి పంపాలట. ఇంకొకరైతే పలకలు, బలపాలు రాసి చేతులు దులుపుకునేవారు. ఈయన ఇల్లిల్లూ తిరిగాడు. మా గడపలో కూర్చుని అమ్మనడిగాడు.

"నీ కొడుకు పొద్దందాక బడిల ఉంటె నీకేం కష్టమమ్మా?"

"నేను చేన్ల ఉంట. మధ్యానం రొట్టె ఎవరు పెడ్తరు పంతులూ?"

"అయితె రొట్టె గూడ రాయాలె" అని రాసుకున్నాడు. కప్పు మీదికి గడ్డి, నీళ్ళు మోసే ముసలమ్మ కూలి, పిల్లలకు తలా ఒక రొట్టె, ఉల్లిగడ్డ. "ఆకలి మీదున్న పోరగానితోని అచ్చరాలు దిద్దిపిచ్చుడు పాపం" అనేవాడు.

పట్టీలో ఒక్కటీ కొట్టేయకుండా మంజూరైంది. ఊరంతా సంబరపడింది. ఆయన మాత్రం కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు. అన్నీ రాసిన మనిషి తన జీతం రాయలేదు. గింజల మీద బతికినవాడికి పంతులు కూడా ఒక ఖర్చేనని తోచలేదు.

ఆ ఏడు మా కళ్ళానికి వచ్చాడు. మా నాయన నవ్వుతూ, "ఇంక మా గింజలెందుకు పంతులూ? సర్కారు జీతమొస్తది గద నీకు" అన్నాడు. "గంతే గద" అని ఆయనా నవ్వాడు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయాడు. అన్ని కళ్ళాల్లోనూ అదే మాటన్నారు.

ఆయన భార్య ఇరుగుపొరుగుకు కూలికి జొన్నలు విసిరేది. ఆయన అర్జీలు రాసేవాడు. మధ్యాహ్నం మేం రొట్టెలు తింటుంటే బయటికి పోయి నిలబడేవాడు. పెద్దయ్యాక, ఆయనకు జీతం రావడం లేదని నేను కనిపెట్టి అడిగాను.

"కచేరికి మల్ల రాయొచ్చు గద పంతులూ?"

"జీతం కలిపితె మొత్తం ఎక్కువైందంటరు. ఏదో ఒకటి కొట్టేయాలె గద. రొట్టె కొట్టేస్తరు. నువ్వెవరికి చెప్పకు."

"ఊళ్ళ వాళ్ళకన్న చెప్త."

"చెప్తె మల్ల అర్జీ పెడ్తమంటరు. జర ఊకో."

మొండి మనిషి. ఊరుకున్నాను. మా నాయనకు కూడా చెప్పలేదు. అది నా తప్పే, ఎట్లా తిప్పి చూసినా నా తప్పే.

దినాలు కాగానే కచేరి కాగితం వచ్చింది. కొత్త పంతులును పంపాలంటే, పోయిన పంతులుకు ఊరు ఏటా ఇస్తున్న గింజలెన్నో రాయాలట. జీతం ఊరు ఇస్తున్నదని వాళ్ళూ, సర్కారు ఇస్తున్నదని ఊరూ అనుకున్నారు. ఊళ్ళో కలం పట్టేది నేనే కాబట్టి నా చేతికే ఇచ్చారు. రాశాను.

పక్కన కూర్చున్న నాయన వంగి చూశాడు. "ఎంత రాసినవ్ రా?"

"సున్నా."

"అవు మల్ల. సర్కారు జీతమొస్తుండె గద?"

"రాలేదు నాయనా. ఏనాడూ రాలేదు."

నాయన లేచి బయటికి పోయాడు. అరుగు మీద కూర్చుని పంతులుకు గింజలు కొలవని పంటలు వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక చెయ్యి అయిపోయి, రెండో చేతికి వచ్చాడు.