మూడో వరండా

నాకు నోరెక్కువని ఇంట్లో అంటారు, పనిచేసిన బడిలోనూ అనేవారు. కాదనను. నూజివీడు చుట్టుపక్కల హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని, నోరు లేనిదే ఆ ఉద్యోగం సాగదు. అయితే ఇన్నేళ్లు చెప్పినా యుద్ధం పాఠాలు మాత్రం నాకు ఎప్పుడూ రుచించలేదు. యుద్ధం అంటే పుస్తకంలో కారణాలు, ఫలితాలు. రెండూ పరీక్షలో వచ్చేవే. ఆ రెంటికీ మధ్య మనుషులకు ఏం జరిగిందో ఏ ప్రశ్నపత్రమూ అడగలేదు. అందుకే మా వైపు మాజీ సైనికుల సంఘం వాళ్లు వచ్చి, "టీచరుగారూ, మావాళ్ల యుద్ధం అనుభవాలు రికార్డు చేసి పెడతారా? ముసలివాళ్లం, ఇవాళ ఉన్నాం, రేపు ఉంటామో లేదో" అంటే వెంటనే సరేనన్నాను.

సంఘం ప్రెసిడెంటు రిటైర్డ్ సుబేదారు. మంచివాడే. ఎనభైకి దగ్గరపడుతున్నా మీసం దువ్వకుండా గడప దాటడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నేను ఎవరింటికి వెళ్లాలో ఆయనే చెప్పేవాడు. వాళ్లు నాకు ఏం చెప్పాలో కూడా ముందే ఫోన్ చేసి ఆయనే చెప్పేవాడు. దాంతో మైలవరం వెళ్లినా ఉంగుటూరు వెళ్లినా ఒకటే వరస. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు. నంబరు, ర్యాంకు, యూనిట్ చెబుతాడు. శత్రువు తోక ముడిచాడంటాడు. జై హింద్ అంటాడు. నేను ఫోన్‌లో రికార్డింగు ఆపి కాఫీ గ్లాసు అందుకోగానే మాత్రం, "అది కాదమ్మా, అసలు జరిగిందేంటంటే" అని మొదలుపెడతాడు. ఆ అసలు జరిగింది వినడానికే కదా నేను ఎండనపడి వచ్చింది? మళ్లీ ఫోన్ తీస్తే నోరు కట్టేసినట్టు అయిపోయేది.

చాట్రాయి దగ్గర ఒకావిడ ఇంటికి మాత్రం సుబేదారు గారు పంపకుండానే వెళ్లాను. ఆవిడ భర్త డెబ్బై ఒకటి యుద్ధంలో దెబ్బతిని మిలిటరీ ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి పెళ్లయి ఏడాది తిరగలేదు. ఆ తర్వాత ఆవిడ మామిడి తోటల్లో, వరి చేలల్లో కూలికి వెళ్లి బతికింది. "ఆవిడకేం తెలుసండీ యుద్ధం గురించి?" అన్నాడు సుబేదారు. ఆవిడకు తెలిసింది నిజంగానే చాలా తక్కువ. టెలిగ్రాం వచ్చింది, ఊళ్లో ఎవరో చదివి పెట్టారు, అంతే. నేను ఏమీ అడగకముందే ఆవిడే నన్ను అడిగింది.

"ఆ ఆసుపత్రి ఎట్టా ఉంటదమ్మా? పోయేటప్పుడు పక్కన మనిషంటూ ఎవరన్నా ఉంటారా?"

నాకు తెలియదన్నాను. తెలుసుకుని చెబుతానని మాటిచ్చి వచ్చాను. మాటైతే ఇచ్చాను గానీ ఎవరిని అడగాలో తెలియలేదు. నేను రికార్డు చేసిన మగవాళ్లలో ఆసుపత్రి చూసినవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లంతా బతికి బయటపడ్డవాళ్లు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే, పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది. "నర్సమ్మగారిని పెట్టుకుని ఎవర్నో అడుగుతారేంటండీ? ఆవిడ చేసింది మిలిటరీలోనేగా" అంది. నర్సమ్మగారు నాకు తెలియకపోవడమేంటి? ఊరవతల తోటలో ఒంటరిగా ఉండే పెద్దావిడ. చుట్టుపక్కల ఎవరికి సూది వేయాలన్నా ఆవిడ దగ్గరికే వెళ్తారు. నేనూ ఒకసారి మేకు గుచ్చుకుని వెళ్లి, సూది వేయించుకోవడంతో పాటు చెప్పులు వేసుకోనందుకు తిట్లు కూడా తిని వచ్చాను. ఆవిడ యుద్ధం చూసిందని మాత్రం తెలియదు.

సుబేదారుకు ఫోన్ చేశాను. "ఆవిడ నర్సమ్మ కదండీ, సైనికులు కాదుగా" అన్నాడు.

"మరి సైనికులకు కట్లు కట్టిందెవరండీ, నేనా?" అన్నాను.

"అది వేరండీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ 'వేరు' అనే మాట నేను ఉద్యోగంలో చాలాసార్లు విన్నాను. మగ మాస్టర్లు చేస్తే క్రమశిక్షణ, మేం చేస్తే గయ్యాళితనం, ఎందుకని అడిగితే అది వేరు. ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కి తోటకి వెళ్లాను.

కోతల కాలం. షెడ్డు నిండా బంగినపల్లి రాశులు. నర్సమ్మగారు చిన్న పీట మీద కూర్చుని కాయలు ఏరుతోంది. నేను వచ్చిన పని చెప్పి, లోపల గదిలో కూర్చుందామా అన్నాను, శబ్దం లేకుండా ఉంటుందని. "చేతులు ఖాళీగా ఉంటే నాకు మాట రాదమ్మా. కావాలంటే ఇక్కడే" అంది. ట్రేల దడదడ, కూలీల అరుపులు, చెట్ల మీద కాకులు. వీటన్నిటి మధ్యా ఫోన్ ఒక ట్రే మీద పెట్టి నేనూ కింద కూర్చున్నాను.

మా వైపు కాయని మూడుగా ఏరతారు. మచ్చ లేనిది, తొడిమతో ఉన్నది ఢిల్లీ లారీకి. కొంచెం తక్కువ రకం మన మార్కెట్‌కి. రాలినవీ, దెబ్బ తగిలినవీ, సొన కారి మాడినవీ మూడో కుప్ప. ఆ మూడో కుప్పని ఏ తోటలోనైనా షెడ్డు బయట ఎండలో పారబోస్తారు. జ్యూస్ ఫ్యాక్టరీ బండి వస్తే వస్తుంది, లేకపోతే ఈగల పాలు. నర్సమ్మగారి షెడ్డులో మూడో కుప్ప కూడా గడ్డి మీద, నీడలోనే ఉంది. కొత్తగా వచ్చిన కూలీ ఒకామె ఆ సంగతి తెలియక గంపెడు దెబ్బ కాయలు బయట కుమ్మరించబోయింది.

"అవి కూడా నీడలో పెట్టమ్మా" అంది నర్సమ్మగారు.

"ఎట్టాగూ పాడయ్యేయేగా అండీ?"

"పాడయ్యేదాకా నీడలోనే ఉంటాయి."

కూలీ ఆమె గంప లోపలికి తెచ్చింది. నర్సమ్మగారు ఆ కాయల వంక చూస్తూ, నేను ఏ ప్రశ్నా వేయకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

డెబ్బై ఒకటి యుద్ధం నాటికి ఆవిడ ట్రైనింగ్ ముగించి చేరిన కొత్త లెఫ్టినెంటు. తూర్పు సరిహద్దు దగ్గర ఒక బడి ఖాళీ చేయించి ఆసుపత్రి పెట్టారు. ట్రక్కుల్లో దెబ్బలు తగిలినవాళ్లు వచ్చేవారు. గేటు దగ్గర డాక్టరు ఒక్కొక్కరినీ చూసి చేత్తో చూపించేవాడు. కాసేపు ఆగగలిగినవాళ్లు ఒకటో వరండాకి. ఇప్పుడే కోస్తే బతికేవాళ్లు రెండో వరండాకి. ఏం చేసినా బతకనివాళ్లు మూడో వరండాకి.

"మూడో వరండాకి డాక్టరు రాడు. రాకూడదు. ఆయన ఇక్కడికొస్తే రెండో వరండాలో బతికేవాడు కూడా పోతాడు. ఆ లెక్క తప్పు కాదమ్మా. నేను అప్పుడూ తప్పనలేదు, ఇప్పుడూ అనను. డాక్టరు రాకూడదు గానీ, మనిషి కూడా రాకూడదా?"

డ్యూటీ దిగాక ఆవిడ మూడో వరండాకి వెళ్లేది. తోటి నర్సులు కూడా వంతులు వేసుకున్నారు. పెదాలు తడపడం, మొహం తుడవడం, చెయ్యి పట్టుకుని కూర్చోవడం. అంతకంటే చేయడానికి ఏమీ లేదు. పంజాబు వాళ్లు ఉండేవారు, తమిళులు ఉండేవారు, పట్టుబడిన అవతలి సైన్యం కుర్రాళ్లూ ఉండేవారు. "నాకు వాళ్ల భాషలు రావు. ఇంట్లో పిల్లల్తో అన్నట్టు తెలుగులోనే అనేదాన్ని. ఏం లేదు నాన్నా, నేనున్నాగా అని. అర్థమయ్యేదనుకుంటా, చెయ్యి గట్టిగా పట్టుకునేవాళ్లు. అవతలి వాడా ఇవతలి వాడా అని చేతిని పట్టుకుంటే తెలుస్తదా?" అంది. మేట్రన్ చూసి కోప్పడింది. రేపు మళ్లీ డ్యూటీ ఉంది, వెళ్లి పడుకోండి, ఇది ఆర్డర్ అంది. "వినలేదమ్మా. సర్వీసు మొత్తంలో నేను వినని ఆర్డరు అదొక్కటే. ఇప్పుడు వేసినా వినను."

చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు కాయలు ఏరుతూనే ఉన్నాయి. నేను మాత్రం పమిట చెంగుతో కళ్లు తుడుచుకున్నాను. సిగ్గేమీ పడలేదు.

రికార్డింగు విని సుబేదారు గారు గొంతు సవరించుకున్నాడు. "బాగుందండీ. సంఘం మీటింగులో అందరివీ తలా రెండు నిమిషాలు వినిపిద్దాం. ఈవిడది సేవాభావం మీద ఒక ముక్క ఉంచండి. ఆ మూడో వరండా మాత్రం తీసెయ్యండి" అన్నాడు.

"ఎందుకండీ?"

"చావబోయేవాళ్లని పక్కన పడేశారంటే వినేవాళ్లు ఏమనుకుంటారు? పైగా శత్రువు చెయ్యి పట్టుకున్నానంటోంది. ఆ ట్రేల గోల ఒకటి."

"పక్కన పడేయలేదని చెప్పడానికే కదండీ ఆవిడ అదంతా చెప్పింది" అన్నాను. ఆయన వినలేదు. నేనూ తీయనని కుండబద్దలు కొట్టాను. ఆ మూడో వరండా నా ఒక్కదానికే కావలసిన సంగతి కాదు. చాట్రాయిలో నేనిచ్చిన మాటకు జవాబు దాంట్లోనే ఉంది. నర్సమ్మగారికి ఫోన్ చేసి జరిగింది చెబితే, ఆవిడ, "తీసేస్తే మొత్తం తీసెయ్యమను. మూడో వరండా లేకపోతే నేను అక్కడ లేనట్టే. మీటింగు ఎప్పుడు?" అంది.

మీటింగు నూజివీడులో, ఒక కల్యాణమండపంలో. స్టేజీ మీద మాజీ సైనికులకు కుర్చీలు. కింద ఒక పక్క ఆడవాళ్లు. చీరలు పెట్టి సన్మానిస్తామని పిలిస్తే వచ్చిన సైనికుల భార్యల మధ్య చాట్రాయి ఆవిడ కూడా కూర్చుంది. నర్సమ్మగారికీ అక్కడే ఒక కుర్చీ వేశారు. ఆవిడ గంజి పెట్టిన చీర కట్టుకుని, ఎడమ వైపు మెడల్స్ పెట్టుకుని వచ్చింది. ఆ కుర్చీ వంక చూడనైనా చూడకుండా మెట్లెక్కి స్టేజీ మీదికి వెళ్లింది.

"అమ్మా, ఇవి మాజీ సైనికుల కుర్చీలండీ" అన్నాడు సుబేదారు, కూర్చున్న చోటినుంచే.

"తెలుసు సుబేదార్ గారూ. నేను మేజర్‌గా రిటైరయ్యాను. నేను నిలబడి ఉంటే మీరు కూర్చున్నారేంటి?"

కొందరు ముసలివాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే, ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. సుబేదారు కూడా లేచాడు. ఆయన చెయ్యి నుదుటి దాకా వెళ్లాక గానీ తానేం చేస్తున్నాడో ఆయనకు తెలియలేదనుకుంటాను. నర్సమ్మగారు తల పంకించి ముందు వరస కుర్చీలో కూర్చుంది.

నా ఫోన్‌ని మైకు సెట్టుకు కలిపారు. ఆవిడ వంతు వచ్చింది. సుబేదారు నాకు రెండు వేళ్లు చూపించాడు, రెండు నిమిషాలని. నేను ఆడవాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాను. ట్రేల దడదడ, కాకుల అరుపులు హాలంతా వినిపించాయి. తర్వాత ఆవిడ గొంతు, అవి కూడా నీడలో పెట్టమ్మా అని. మూడో వరండా మాట రాగానే సుబేదారు నా దగ్గరికి వచ్చి, "చాలండీ, ఇక ఆపండి" అన్నాడు. వైరు మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. "పాఠం మధ్యలో బెల్లు కొట్టనివ్వనండీ" అన్నాను. అన్ని కళ్ల ముందు నాతో గొడవ పడలేక ఆయన వెనక్కి వెళ్లాడు. రికార్డింగు చివరిదాకా నడిచింది.

అది అయ్యాక చాట్రాయి ఆవిడ కుర్చీ పట్టుకుని లేచింది.

"నర్సమ్మగారూ, మా ఆయన కూడా ఆ యుద్ధంలోనే ఆసుపత్రిలో పోయాడండీ. ఆయన పక్కన కూడా మీరు కూర్చున్నారా?"

నర్సమ్మగారు అవునంటే బాగుండునని నాకు ప్రాణం కొట్టుకుంది. ఆ ఒక్క అబద్ధానికి పాపం అంటదని కూడా అనుకున్నాను.

"ఏ ఆసుపత్రో తెలుసా అమ్మా?"

"తెలీదండీ. ఎవురూ చెప్పలా."

"అయితే నాకూ తెలీదమ్మా. తెలీకుండా తెలుసని చెప్పను. మా వరండాలో మాత్రం ఒక్కడు కూడా ఒంటరిగా పోలేదు. అది నేను చూసింది. ఆ రోజుల్లో ఆసుపత్రుల్లో అంతా మావంటి పిల్లలే ఉండేవాళ్లం. పడుకోమంటే వినేరకం కాదు."

చాట్రాయి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"టీచరమ్మా, ఆ వరండా ముక్క మళ్లీ ఒకసారి పెడతావా?"

స్టేజీ మీదినుంచి సుబేదారు మెల్లగా, "టీచరుగారూ, భోజనాలు చల్లారిపోతున్నాయండీ" అన్నాడు.

"చల్లారనివ్వండి" అని, మళ్లీ పెట్టాను.