నాలుగు సాళ్ల నాటు మక్క

తండాలో గోరీకి మాటకన్నా ముందు కొడవలి లేస్తుంది. నడుమున దోపుకున్న ఆ కొడవలితోనే ఉల్లిగడ్డ కోస్తుంది, కుక్కను అదిలిస్తుంది. ఈసారి ఉన్న రెండెకరాల్లోనూ విత్తనాల కంపెనీకి విత్తన మక్కజొన్న వేసింది. ఇంటి వెనుక మాత్రం తినడానికి నాలుగు సాళ్లు నాటు మక్క పెట్టుకుంది. దాని పుప్పొడి గాలికి వచ్చి విత్తనాన్ని చెడగొడుతుందంటూ కంపెనీ ఏజెంటు జగపతి వచ్చి ఒక మొక్కను పీకేశాడు. గోరీ కొడవలి దూసింది. జగపతి బండి దాకా ఉరికాడు. ఆమె అతని వైపు చూడనైనా చూడలేదు. కంపెనీకి వేసిన చేనులోకి దిగి, పచ్చటి కర్రలను మెడలు నరికినట్టు నరికింది. అరచేతులు చీరుకుపోయి నెత్తురు కారినా మధ్యాహ్నం దాకా ఆగలేదు.

"పాగల్ అయినవా అక్కా? గిప్పుడు ఎవలికి అమ్ముతవ్?" అని దూరం నుంచే అరిచాడు జగపతి.

గోరీ అతను పీకిన మొక్కను తిరిగి నాటి, మొదలు చుట్టూ మట్టి తొక్కింది.

"ముందుగాల మేం తింటం. మిగిల్తేనే అమ్ముత."