హెల్మెట్ లేని ఫోటో

నా ఎడమ చెవికి కాస్త పైన ఒక చోట ఇప్పటికీ వెంట్రుక మొలవదు. అక్కడ దువ్వెన తగిలినప్పుడల్లా నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. మొదట అతని మీద, తర్వాత బద్ధకించిన నా మీద.

నాచారంలో నేను అద్దెకుండే ఇంటి కింది వాటా ఓనర్లది. వాళ్ల తాతలు అక్కడే జొన్న వేసేవారట. మనవడు ఇప్పుడు ఉప్పల్ అవతల ప్లాట్లు చూపిస్తూ తిరుగుతాడు. తెల్ల చొక్కా, మెత్తటి మాట. నేను అన్నా అని పిలిచేదాన్ని. అతని భార్య మల్లాపూర్‌లో మందుల ప్యాకింగ్ కంపెనీకి పోతుంది. ఆమెను అతను కొడతాడని నాకు మా మిక్సీ వల్ల తెలిసింది. పచ్చడి తిప్పి స్విచ్ ఆపాను, కింద చప్పుడు మాత్రం ఆగలేదు. అరుపు లేదు. దెబ్బ పడటం, వెంటనే గాజులు గలగలమనడం, మళ్లీ దెబ్బ. మర్నాడు మెట్ల మీద ఎదురైతే "గోడకు తాకిందక్కా" అంది. ఏ గోడ రెండు చెంపలకూ తాకుతుందని అడిగాను. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

అతను ఆమె ఫోన్‌లో లొకేషన్ పెట్టాడు. ఆమె ఎక్కడుందో ఒక నీలం చుక్క అతనికి చూపిస్తూనే ఉంటుంది. కూరగాయలకని లాలాపేట్ దాకా పోయినా, ఎందుకు పోయినవని ఫోన్ వచ్చేది. నా ఉద్యోగమూ చుక్కలతోనే. కొన్ని రోజులు ఇంట్లో కూర్చుని, కొన్ని రోజులు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి నగరం ఆ చివరికి పోయి, డెలివరీ బండ్ల చుక్కలు మ్యాప్ మీద సరిగ్గా కదులుతున్నాయా లేదా అని పరీక్షిస్తాను. అందుకని ఈ సంగతిలో నాకు తెలియనిది లేదని నా పొగరు.

"గా సుక్క నువ్వు గాదు, నీ ఫోను," అన్నాను ఒకరోజు డాబా మీద బట్టలారేస్తూ. "మీ కంపెనీల ఫోన్లు గేటు కాన్నే పెట్టిచ్చుకుంటరు గదా?"

"అవునక్కా. డబ్బాల ఏసి లోపటికి వోవాలె. డ్యూటీ దిగినంక ఇస్తరు."

"మరింకేంది? ఫోన్ డబ్బాల ఎయ్యి. నువ్వు బయటికి రా."

చేతిలోని తడి చీరను తీగ మీద వేసింది. తర్వాత మెల్లగా చెప్పింది. కాప్రాలో తనతో పనిచేసే ఒకామె ఇంటి పక్కన రూమ్ ఖాళీగా ఉందట, ఒకసారి చూడాలట. కేసు పెడదామని నేనంటే మాత్రం గట్టిగా నా చెయ్యి పట్టుకుంది.

"కేసు గీసు వద్దక్కా. ఆయన మీద నా నోటితోని నేను చెప్పలేను. సప్పుడు జేయకుండ పోత, గంతే."

అనుకున్న రోజున ఫోన్ గేటు డబ్బాలో వేసి, ఒంట్లో బాగాలేదని సెలవు చెప్పి, ఫోన్ సాయంత్రం తీసుకుంటానని బయటికొచ్చింది. ఫోన్ డ్యూటీకి పోయింది, ఆమె నా స్కూటీ ఎక్కింది. రూమ్ చిన్నదే. ఆమె నల్లా తిప్పి, నీళ్లు రావడం చూసి, ఊరికే నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు కూడా నవ్వు ఆగలేదు. చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ మా వైపు కెమెరా ఎత్తాడు. నా తలకు హెల్మెట్ ఉంది, వెనక ఆమెకు లేదు. పడితే పడింది చలానా అనుకున్నాను.

ఆ స్కూటీ నేను అతని దగ్గరే కొన్నాను. పేరు మార్పిద్దామంటే "అయితది తియ్యి మేడమ్, గదేముంది" అన్నాడు. నేనూ అదేముందిలే అనుకున్నాను. ఈ నగరంలో సగం మంది ఇంకొకరి పేరున్న బండ్ల మీదే తిరుగుతారు. లోకంలోని చుక్కలన్నీ పరీక్షించే నేను, నా బండి నంబర్‌కు ఎవరి ఫోన్ తగిలించి ఉందో మరిచిపోయాను. రెండు రోజులకు చలానా మెసేజ్ ఫోటోతో సహా అతనికి పోయింది.

ఆ రోజు నేను ఇంటి నుంచే పని చేస్తూ టీమ్ మీటింగ్‌లో ఉన్నాను. రాలేనివాళ్ల కోసం దాన్ని రికార్డు చేస్తున్నారు. మీటింగ్‌లో నా వెనక గది కనబడకుండా మసక పెట్టుకోవడం నాకు అలవాటు. మన ఇల్లు పరాయివాళ్లకెందుకు చూపించాలని అందరికీ క్లాసు పీకేదాన్ని కూడా. గాలికి తలుపు తీసి ఉంచాను. అతను లోపలికొచ్చి నా మొహం ముందు ఫోన్ పెట్టాడు. ఫోటోలో ఆమె ముక్కుపుడక కూడా స్పష్టంగా ఉంది. నా భుజం మీద చెయ్యేసి నవ్వుతోంది.

"ఏడికి తీస్కపోయినవ్ నా పెండ్లాన్ని?"

"నువ్వు కొట్టని జాగకు," అన్నాను.

గోడ మేకుకు వేలాడుతున్న హెల్మెట్ తీశాడు. "హెల్మెట్ లేదని ఫైన్ ఏసిన్రు గదా. ఇగో, పెట్టుకో."

మొదటి దెబ్బ చెవి పైన పడింది. కుర్చీతో సహా పడిపోయాను. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద పడి వేలు విరిగింది. జుట్టు పట్టుకుని లేపితే అతని మణికట్టు కొరికాను, నోట్లోకి నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. ఆ రుచి నాకు బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? చేతిలో కత్తిపీట ఉంటే అతన్ని చంపేసేదాన్నే. కడుపులో తన్నాడు. లాప్‌టాప్‌లోంచి మా వాళ్లు ఏమైంది, ఏమైంది అని అరుస్తున్నారు. వాళ్లలో ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు. అతను కిందికి పోయి మంచం మీద కూర్చుని నీళ్లు తాగాడు. తన ఇంట్లోంచి తనెందుకు పారిపోతాడు?

కుట్లు వేయించుకుని స్టేషన్‌కు వెళ్లేసరికి అతను బెంచీ మీద ఉన్నాడు. "మెట్ల మీద జారి పడ్డది సార్. లేపవోతే నా చెయ్యి కొరికింది. ఇంట్ల మనిషి లెక్క సూస్కుంటిమి."

మా ఆఫీసు వాళ్లు పంపిన రికార్డింగ్‌ను ఎస్సై పెట్టి చూశాడు. నా మొహం, ఆ తర్వాత ఖాళీ చోటు. అతని మెత్తటి మాటలు మీటింగ్‌ మాటల కింద కలిసిపోయాయి, దెబ్బలే వినబడుతున్నాయి. వెనక ఒలికిన పాల లాగా తెల్లగా ఏదో కదులుతోంది. దానికి మొహం లేదు.

"ఎవరమ్మా ఇది? ఏం కనవడ్తలేదు."

ఆ లాప్‌టాప్‌ను నేలకేసి కొట్టాలనిపించింది.

అప్పుడే ఆమె వచ్చింది. పొద్దంతా ఆమె ఫోన్ గేటు డబ్బాలోనే ఉంది కాబట్టి ఎవరూ కబురు చెప్పలేకపోయారు. డ్యూటీ దిగి ఫోన్ చేతికొచ్చాకే తెలిసిందట. తల మీద ప్యాకింగ్ టోపీ అలాగే ఉంది. నా కట్టు చూసింది, అతన్ని చూసింది.

"ఇంటికి వో," అన్నాడు అతను మెత్తగా.

ఆమె తలుపు వైపు తిరిగింది. అంతా అయిపోయిందనుకున్నాను. ఎస్సై రికార్డింగ్ మళ్లీ మొదలుపెట్టాడు. దెబ్బ, నా కేక, ఇంకో దెబ్బ. ఆమె ఆగిపోయింది.

"ఇంకోపారి వెట్టుండ్రి సార్."

కళ్లు మూసుకుని విన్నది.

"మనిషి కనవడకుంటే ఏంది సార్? దెబ్బకు ముంగట ఇనుండ్రి. ముక్కుతోని ఊపిరి గుంజిండు. ఎప్పుడు కొట్టినా గట్లనే గుంజుతడు. గది ఇనవడంగనే నేను కండ్లు మూస్కుంట."

బెంచీ మీద అతను ఆమెనే చూస్తూ, ముక్కుతో గట్టిగా ఊపిరి లాగాడు. మా అందరికీ వినబడింది. ఆమె కళ్లు మూసుకోలేదు.

ఎస్సై అతని వైపు ఒకసారి చూసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చెప్పమ్మా, మొదటి సంది చెప్పు."

ఆమె తన నోటితోనే చెప్పింది.