మొటిమలకు యాపాకు పరుపు

ఇది ఒక మహాగాథ. ఇందుల తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి చేసిన ప్రమాణమున్నది, ఆ ప్రమాణం తప్పిన కొడుకున్నడు, దేవత రాకడున్నది, ఏకాంతవాసమున్నది, గోదావరి దాటుడున్నది, చివరికి తొట్టెల ఒక పసిపాప సుత ఉన్నది. చదివినోళ్లు కండ్లు తుడుచుకోకుంట ఉండలేరు.

నిజం చెప్పాల్నంటె అంత లేదు. నాకు మొటిమలైనయ్. పదహారేండ్లకు కావాల్సినయి ఇరువై నాలుగేండ్లకు అయినయ్, గదే సంగతి. మిగిలిందంత నేను నోరు మూసుకున్నందుకు అయ్యింది.

నోరు తెరువాల్సింది ఎక్కడంటె, ముందుగాల జిమ్ము కాడికి పోవాలె. ఒక పెండ్లి ఫొటోలల్ల నన్ను చూసి మా అక్క, "తమ్మీ, నువ్వు నిలవడ్డవా, దండెం మీద అంగీ ఆరేసిన్రా?" అన్నది. అందరు నవ్విన్రు. నేను ఇంకా గట్టిగ నవ్విన. తెల్లారి కరీంనగర్‌ల మా గల్లీ చివర, సిమెంటు దుకాణం మీది అంతస్తుల ఉన్న జిమ్ముల పేరు రాయించుకున్న. అక్కడి కోచ్ అన్న నన్ను చుట్టు తిరిగి చూసి, "తమ్మీ, పొద్దుగాల ఆరు గుడ్లు, పొద్దుమూకి ప్రొటీన్ పొడి" అన్నడు. కండ ఎక్కడున్నదో చూసి చెప్తడనుకున్న గని, దొరకనట్టున్నది.

గుడ్ల సంగతి మా అవ్వకు, అంటె అమ్మకు, మస్తు నచ్చింది. కొడుకు తింటనంటె ఆరు కాదు, అరువై ఉడకపెడ్తది. పొడి అనంగనె ముఖం మారింది. సుల్తానాబాద్‌ల మా చిన్నమ్మోళ్ల పక్కింటి పిలగాడు ఏదో పొడి తాగితె కిడ్నీలు ఖరాబయినయని అవ్వకు ఎవరో చెప్పిన్రు. ఆ పిలగాన్ని మేమెవ్వరం చూడలే. అయినా అవ్వ నా చెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకున్నది.

"నా మీద ఒట్టు. పొడి తాగనని చెప్పు."

"తాగ" అన్న.

అప్పటికే డబ్బా కొన్న. మస్కట్‌ల ఉన్న బాపు పోయినసారి వదిలేసిపోయిన పాత సూట్‌కేసు సజ్జ మీద ఉంటది. అందుల పెట్టిన. డబ్బా మీద రోజుకు ఒక చెంచ అని రాసుండె. అది ఒంట్లె ఏమన్న ఉన్నోళ్లకు, ఏం లేనోళ్లకు రెండు కావాలె అని నా లెక్క. మూడు వారాలల్ల నుదురు మీద నాలుగు లేచినయ్. బుగ్గల మీద, మెడ మీద, వీపంత. అద్దంల చూసుకుంటె ఎదిగింది గవ్వొక్కటే.

గదే టైముకు ఒక సోమవారం కోచ్ అన్న నాతోని నూరు గుంజీలు తీపిచ్చిండు. జిమ్ము భాషల దానికి లెగ్ డే అంటరు. మంగళవారం మంచం దిగస్తలే. గోడ పట్టుకొని బాత్రూంకు పోతుంటె అవ్వ చూసింది. నొప్పుల మందు రాస్తనని అంగీ విప్పించింది. వీపు చూసింది. మందు సీస కింద పెట్టి చేతులు కడుక్కున్నది. పక్కింటి పెద్దవ్వను పిలిచింది.

పెద్దవ్వ మా గల్లీల ఇసొంటి సంగతులకు ఆఖరి కోర్టు. నన్ను కిటికీ కాడ నిలవెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఒళ్లు నొప్పులున్నయా బిడ్డా?"

"ఉన్నయ్."

"కాళ్లు గుంజుతున్నయా?"

"మస్తు."

"ఎన్నొద్దుల సంది?"

"నిన్నటి సంది."

ఒక్క అబద్ధం చెప్పలే. పెద్దవ్వ చెంపలేసుకొని, "తల్లి పోసింది" అన్నది.

మా దిక్కు ఒంటి మీద పొక్కులు లేస్తె రోగమనరు, పోచమ్మ తల్లి వచ్చిందంటరు. వస్తె మర్యాదలుంటయ్. గడపకు యాపమండ. మంచం మీద యాపాకు పరుపు. ఇంట్ల తాలింపు వెయ్యద్దు, మాంసం, గుడ్లు ముట్టద్దు. సూది మందు ఊసెత్తద్దు. ఆ ఇంట్లోళ్లు శుభకార్యాలకు పోవద్దు, బాలింత ఉన్న ఇంటి గడప అసలే తొక్కద్దు. గిదంతా నాకు ఎరుకే. నోరు తెరిచి, "అవ్వా, ఇవి మొటిమలు" అంటె అయిపోతుండె. కాని మొటిమలెందుకైనయని అడుగుతది. సజ్జ మీదికి పోవాల్సొస్తది. పైంగ, నేను ట్రాక్టర్ల షోరూంల చేస్త, వారం దినాలు సెలవంటె చేదా? రెండొద్దులు చూద్దాం, తల్లే పోతదిగదా అనుకున్న.

యాపాకు మీద పండుడు ఏమంత బాధ కాదు. కుచ్చుకుంటది, అంతే. కొబ్బరి నీళ్లు, పెరుగన్నం, ద్రాక్షపండ్లు మంచం కాడికే వస్తున్నయ్. ఆఖరికి బాపు సుత మస్కట్ నుంచి ఫోన్ చేసి, జీవితంల మొదటిసారి నాతోని మెల్లగ మాట్లాడిండు.

బుధవారం అక్క ఫోన్ చేసింది. అక్కది చెన్నూరు. మొదటి కాన్పు మా ఇంట్ల అయ్యింది, రెండోది అత్తగారింట్ల. ఆడపిల్ల. పుట్టినప్పుడు అవ్వకు మోకాలు వాచి పోలేకపోయింది, మనుమరాలిని ఫోన్లనే చూసింది. ఆదివారం ఇరువై ఒకటో రోజు, తొట్టెల వేసుడు. మా ఇండ్లల్ల పిల్లను మొదటిసారి తొట్టెల వేసేది అమ్మమ్మనే. దాని కోసం అవ్వ నెల సంది తన పాత నూలు చీరెలు చింపి చిన్న చిన్న బొంతలు కుడుతుండె. ఏడు కుట్టింది. మోకాలు నొప్పికి మందులు ఏమరిచింది గని బొంత ఏమరవలే.

వంటింట్ల నుంచి అవ్వ మాట వినవడ్తున్నది. "ఎట్లొస్త బిడ్డా? ఇంట్ల తల్లి ఉన్నది. పచ్చి పిల్ల. లేదు లేదు, బొంతలు సుత పంప. గీ ఇంట్లనే కుట్టిన కదా. మీ అత్తతోని వేపియ్యి."

నా మంచం నుంచి వంటింటికి ఏడడుగులు. లేచిన. నాలుగడుగులేసిన. నిజంగ చెప్దామనే లేచిన. అవ్వ ఫోన్ చెవుల పెట్టుకొనే, "లేవకు కొడుకా, తల్లికి కోపమొస్తది, పండుకో పో" అన్నది. నాకు పాణం నిమ్మళమైంది. చెప్పకుంట అడ్డం పడ్డందుకు అవ్వ మీద ప్రేమ పొంగింది. గిది రాసుడు సిగ్గే గని, అప్పుడు సిగ్గు అనిపియ్యలే. వెనుకకు తిరిగి పోయి పండుకున్న.

పొక్కులు తగ్గుతలేవు. తగ్గయ్ కదా. గుడ్లు బందయినయని నేను పొడి మూడు చెంచలు చేసిన. అవ్వ పొద్దుగాల చెంబుల నీళ్లు, యాపకొమ్మ పట్టుకొని, మోకాలు ఈడ్చుకుంట గల్లీ చివరి పోచమ్మ గుడికి పోయేది, తల్లిని చల్లవరుచుడానికి. తలుపు సప్పుడు కాంగనె నేను స్టూలు ఎక్కి సూట్‌కేసు తెరిచేది. స్టీలు గిలాసల పొడి వేసి వేలుతోని కలిపేది. అవ్వ వచ్చేటాళ్లకు మూతి తుడుచుకొని యాపాకు మీద కండ్లు మూసుకొని ఉండేది. అసొంటి భక్తుడు జిల్లాల ఉండడు.

శుక్రవారం అవ్వ నా కాళ్ల కాడ కూసున్నది. తాలింపు లేని పప్పు, ఉప్పు లేని చారు తినుకుంట నాలుగొద్దులల్ల ముఖం గుంజుకపోయింది.

"తప్పు నాదే కొడుకా. అక్క కాన్పు మంచిగయితె కొండగట్టుకు వస్తనని మొక్కిన. మోకాలని పోలే. గందుకే నీ మీద పడ్డది."

"అవ్వా, కొండగట్టు అంజన్నది. గీమె పోచమ్మ. శాఖలు వేరు. ఆయన పెండింగ్ ఫైలు ఈమెకెందుకొస్తది?"

"నోరు మూసుకో! చెంపలేసుకో ముందు!"

వేసుకున్న. ఏ దినమైతె నేను జోకు వెయ్యకుంట చెప్పాల్నో, గా దినమే జోకు వేసిన. అవ్వ నా పాదాలు నిమిరి పోయింది. నూరు గుంజీల నొప్పి అప్పటికే పోయింది, అయినా నిమురుతుంటె ఊకున్న.

ఆదివారం పొద్దుగాల అవ్వ తానం చేసి, పట్టుచీర కట్టుకొని, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనిచ్చి కూసున్నది. అటు చెన్నూరుల ఇల్లంతా ముత్తైదువలు. అక్క అత్త పిల్లను ఎత్తుకున్నది. అవ్వ ఇటు నుంచి చెప్తున్నది, "వదినా, తల తూర్పుకు. మెడ కింద చెయ్యి పెట్టు. మెల్లగ." పిల్లను తొట్టెల వేసిన్రు. అక్క, "అవ్వా, పాట నువ్వే పాడు" అన్నది.

అవ్వ జోలపాట ఎత్తుకున్నది. నేను తలుపు సందుల నుంచి చూస్తున్న. రెండో చరణం కాడ బొమ్మ ఆగింది. అక్క నోరు తెరిచి ఉన్నది, అక్క అత్త కండ్లు సగం మూసుకొని ఉన్నది. తరువాత బొమ్మ సుత పోయింది, ఫోన్ నల్లగైంది. అవ్వ ఆపలే. పాట నడుమల విడిస్తె పిల్లకు మంచిది కాదట. బియ్యం డబ్బాకు చివరి దాక పాడింది. పాడి, పక్కకున్న ఏడు బొంతలల్ల మీది దాన్ని తీసి, మళ్ల మడతవెట్టి, మళ్ల గక్కడనే పెట్టింది.

ఆ బొంతను మడతవెట్టేకంటె నన్ను కొట్టినా బాగుండు.

పోయి స్టూలు ఎక్కిన. డబ్బా తెచ్చి అవ్వ ముందట పెట్టిన.

"గిదేంది?"

"పొడి."

డబ్బా మూత తీసి వాసన చూసింది. నా ముఖం చూసింది. మళ్ల డబ్బా చూసింది.

"తల్లి కాదా?"

"కాదు. మొటిమలు."

"కాళ్ల నొప్పులో?"

"గుంజీలు తీసిన. నూరు."

"బడిల సారు ఇరువై తీపిస్తె ఇల్లంత ఏడ్సినవ్." డబ్బాకు మూత పెట్టింది. "నేను గుడికి పోయినప్పుడు సుత తాగినవా?"

ఆ ప్రశ్న ఎట్ల తట్టిందో నాకు తెల్వదు. తల ఊపిన. ఏమన్న అంటది, అంటె నేనేదన్న అనచ్చు అని చూసిన. అవ్వ లేచి ముందుగాల పోచమ్మ దిక్కు తిరిగి దండం పెట్టింది, ఊకెనే పరేషాన్ చేసినందుకు. గడప యాపమండ తీసింది. పొయ్యి ముట్టిచ్చి, పొద్దుటి సప్పిడి పప్పుల ఆవాలు, ఎండుమిరపకాయలు, ఎల్లిపాయ వేసి తాలింపు పెట్టింది. ఇల్లంత ఘాటు. నాకు దగ్గొచ్చింది. కండ్లల్ల నీళ్లు సుత వచ్చినయ్, తాలింపుకే అని రాసుకుంటున్న.

ఒట్టు సంగతి ఎత్తలే. నేనే ఎత్తిన. "నాకేం కాలే కదా" అన్నది. నిజమే, నెత్తి మంచిగనే ఉన్నది. తొట్టెల ఒక్కటే పోయింది.

అక్కకు ఫోన్ల చెప్తె, "అరేయ్, నీ మూతి మీద పోచమ్మను పెట్టుకొని తిరిగినవారా?" అన్నది. ఆమె నవ్వుతదనుకున్న. నవ్వలే. అక్క అత్తేమో, డాక్టరు కాయితం చూస్తెనే గడప తొక్కనిస్తనన్నది. నా మాట మీద నమ్మకం లేదన్నది, నేను బాధపడలే, నాకు సుత లేదు.

సోమవారం చర్మం డాక్టరమ్మ కాడికి పోయినం. నన్ను అడిగిన ప్రతి ప్రశ్నకు అవ్వనే జవాబు చెప్పింది. "మూడు చెంచలమ్మా. వేలుతోని కలిపిండు." డాక్టరమ్మ మొటిమలని కాయితం మీద రాసి, పొడి బందు పెట్టుమన్నది. అవ్వ ఆ కాయితాన్ని ఫొటో తీపిచ్చి చెన్నూరుకు పంపిచ్చింది. నా మొటిమలు మా చుట్టాల గ్రూపు మొత్తం చూసింది.

మంగళవారం చెన్నూరు పోనీకె మంచిర్యాల బస్సెక్కినం. ఒళ్ల ఏడు బొంతల మూట పెట్టుకొని అవ్వ కిటికీ కాడ కూసున్నది. గోదావరి వస్తె రూపాయి బిళ్ల వేసింది. ఏం మొక్కిందో అడగలే.

చెన్నూరుల తొట్టె ఇంకా దూలానికే ఉన్నది. పూలు వాడిపోయినయ్, ముత్తైదువలు లేరు, మంగళవారం నాడు ఎవరొస్తరు? అవ్వ పాత గుడ్డలు తీసి తన బొంత పరిచింది. మనుమరాలిని ఎత్తుకొని చానాసేపు ముఖంల ముఖం పెట్టి చూసింది. తల తూర్పుకు పెట్టి తొట్టెల వేసింది. పాట మొదటి నుంచి ఎత్తుకున్నది. కాయితం చూసినా అక్క అత్త నన్ను లోపలికి రానియ్యలే. అక్క తొట్టె తాడు కొస నా చేతుల పెట్టి, "గడప అవతల కూసోని గుంజు" అన్నది. తాడు పొడుగు చాలింది. పాట అయిపోయినా గుంజుతనే ఉన్న.

ఆదివారం తీసిన ఫొటోల ఆల్బం అక్క తరువాత పంపింది. అన్నిట్ల అందరున్నరు. అవ్వ లేదు. ఇంట్ల ఆ ఆల్బం తిప్పినప్పుడల్ల నేను నీళ్లు తాగనీకె లేస్త. అవ్వ ఒక్కసారి సుత, నీ వల్లనే అనలే. అంటె ఏం జవాబు చెప్పాల్నో ఏడాది సంది తయారు చేసి పెట్టుకున్న, అడుగుతలేదు.

ఆ జవాబు గట్లనే ఉన్నది, మొటిమలు మాత్రం మూడు నెలలకు పోయినయ్. డాక్టరమ్మ చెప్పినట్టు, జిమ్ము నుంచి రాంగనె చెమట బనీను మార్చాలె, దిండు గలేబు వారానికి రెండుసార్లు ఉతకాలె.