శ్రీరంగం పోయినాడు

కొంటాలో ఉప్పూ గుడ్డలూ అమ్మి, చింతపండూ ఇప్పపువ్వూ కొనే దశరథరామయ్యకు కాలేజీ చదువు ఉందంటే బస్తరు సంస్థానంలో ఎవరూ నమ్మేవారు కాదు. చింతపండులో గింజ ఎంతుందో చెప్పడానికి ఎఫ్.ఏ. అక్కర్లేదు మరి. ముప్పై ఏళ్ల కిందట రాజమండ్రిలో ఒకే గదిలో ఉండి చదివిన ముగ్గురిలో ఆయనొకడు. ఆ ముగ్గురూ ఏటా కార్తీకంలో ఒకరికొకరు కార్డుముక్క రాసుకునేవారు. రెండోవాడు కాశయ్య, పుట్టింది భద్రాచలంలో, స్థిరపడింది రాజమండ్రిలో. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయని భయం, కార్డులో రెండు వాక్యాలకు మించి రాయడు. మూడోవాడు కాకినాడ ప్లీడరు. ఇంటిపేరు శ్రీరంగం. కాలేజీలో అందరూ అలాగే పిలవడంతో అసలు పేరు వాళ్లమ్మకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ ఏడు శ్రావణంలోనే కాశయ్య కార్డు వచ్చింది. టపా మోసే జోగ దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చాడు.

"శబరిల దోనె ఒరిగింది సావుకారూ. సంచి తడిసింది. మిగిలిన అచ్చరాలు గివే."

పై వరసంతా నీలం మరక. దాని కింద రెండు ముక్కలు మాత్రం మిగిలాయి: "శ్రీరంగం పోయినాడు. పోయే ముందు నిన్ను తలచుకున్నాడు."

దశరథరామయ్య దాన్ని రెండుసార్లు చదివాడు. అరుగుమీద కూలబడ్డాడు. భార్య రామసుబ్బమ్మ వచ్చి కార్డు చదివించుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంతలో ఆయనకే ఇంకో ఆలోచన తట్టింది.

"ఆగు. శ్రీరంగం ఊరు గూడ గదా. ఎవరో ఆ ఊరికి యాత్ర పోయిండేమో."

"యాత్రకైతే వెళ్లాడని రాస్తారండి. మా గోదావరి వైపు బతికున్నవాళ్లు వెళ్తారు. పోయేది ఒక్కసారే."

"మా దిక్కు సంతకూ పోతరు, కాటికీ పోతరు. కాశయ్య మా దిక్కోడే."

"ముప్పై ఏళ్లు రాజమండ్రిలో ఉన్నాక ఇంకా మీ దిక్కేంటండీ."

అదీ నిజమే. కాశయ్య పుట్టింటి తెలుగు రాశాడా, అత్తింటి తెలుగు రాశాడా? ఏదీ తేలక దశరథరామయ్య స్నానానికి లేచాడు. తలమీద రెండు చెంబులు గుమ్మరించుకున్నాక, మనిషి బతికుంటే ఇది వాడికి అరిష్టం కదా అని మూడో చెంబు దగ్గర ఆగిపోయాడు. అన్నం ముందు కూర్చుని తినలేదు, లేవనూ లేదు.

ఆయన్ని కోసింది చావు ఒక్కటే కాదు. కాలేజీ విడిచిన కొత్తలో, కొంటా తహసీలు కచేరీలో పేష్కారు ఉద్యోగం వచ్చిందని మిత్రులకు రాశాడు. గొప్ప కోసం చిన్న అబద్ధం. ఏటా కార్డులో దాన్నే పెంచుతూ వచ్చాడు. పదేళ్ల కిందట ఒక వేసవి మధ్యాహ్నం శ్రీరంగం చెప్పాపెట్టకుండా బండి దిగాడు. దుకాణంలోంచి చూసి దశరథరామయ్య చింతపండు గోదాములో దూరాడు. సుక్మా వెళ్లారని చెప్పమని భార్యకు సైగ చేశాడు. శ్రీరంగం అరుగుమీద కూర్చుని, మజ్జిగ తాగి, చాలాసేపు ఉండి వెళ్లిపోయాడు. ఆ కార్తీకంలోనూ వాడి కార్డు ఎప్పటిలాగే వచ్చింది. ఇలా వచ్చానని ఒక్క మాట లేదు. ఈ ఏడైనా నిజం రాసెయ్యాలని ప్రతి ఏడూ అనుకునేవాడు దశరథరామయ్య. సిగ్గు ముందు అక్షరం నిలవదు.

మర్నాడు కాగితం ముందేసుకున్నాడు. "ఇక్కడ అందరమూ క్షేమం. అక్కడ నీ క్షేమం" అని రాసి ఆగాడు. పోయినవాణ్ణి క్షేమం అడగడమా? కొట్టేశాడు. కొట్టేస్తే నిజంగా చంపేసినట్టనిపించి మళ్లీ రాశాడు. చివరికి ఏ మర్యాదా లేకుండా మొదలుపెట్టాడు.

"శ్రీరంగం, కాశయ్య కార్డు పై వరస శబరిలో తడిసిపోయి, 'శ్రీరంగం పోయినాడు' అన్న ముక్కే నాకందింది. నువ్వుంటే నువ్వే చదువు. లేకపోతే మీ వాళ్లెవరైనా చదివి చింపేయండి. నేను పేష్కార్ని కాను, ఎన్నడూ కాలేదు. చింతపండు వ్యాపారిని. నువ్వొచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. గోదాములో నిలబడ్డాను. క్షమించు."

కాకినాడ చిరునామా రాసి జోగ చేతిలో పెట్టాడు. ఆ క్షణం నుంచి ఆయన బతుకు మరీ అయోమయమైంది. వాడు పోయి ఉంటే ఈ ఉత్తరం వృథా. ఉంటేనో, మొహం చెల్లదు. ఏది కావాలని దేవుణ్ణి అడగాలో కూడా తెలియలేదు. బతికుంటే చాలు, నన్ను తిట్టినా సరే అని నాలుగోనాటికి గట్టిగా అనుకున్నాడు.

భాద్రపదం చివర జోగ ఈసారి పొడి కవరు తెచ్చాడు. పైన శ్రీరంగం దస్తూరీ. దశరథరామయ్య కళ్లు తుడుచుకుని, భార్యకు వినపడేలా చదివాడు.

"పోయాను, వచ్చాను కూడా. రంగనాథుడి దర్శనమైంది. కాశయ్య రెండు శ్రీరంగాలు రాశాడట, మనిషిని ఒక వరసలో, ఊరిని ఇంకో వరసలో. మనిషిని మీ శబరి మింగింది. ఇక నువ్వు రాసిన సంగతి. కాలేజీలో బంతి తన్ని విరగ్గొట్టుకున్న నీ వంకర బొటనవేలు ఆ రోజే గోదాము తలుపు కింద చూశాను. నువ్వే బయటికొస్తావని కూర్చున్నాను."

రామసుబ్బమ్మ గోదాము తలుపు వైపు చూసింది.

"అందుకా," అంది, "ఆయన మూడుసార్లు మజ్జిగ అడిగారు. పాపం ఎండకేమో అనుకున్నాను."