రాజన్న పేరుతో వెళ్లిన దొంగ పత్రిక

2024, పెళ్లిళ్ల సీజన్. సూరత్‌లో మన తెలంగాణ నేతన్నలు ఎక్కువగా ఉండే గోడాదరాలో నాది మొబైల్ రిపేర్ దుకాణం. ఆ ఉదయం సగం సూరత్ నా కౌంటర్ మీద పడింది. సరే, కొంచెం ఎక్కువ చెప్పాను. వచ్చింది మరమగ్గాల మీద పనిచేసే రాజన్న, అతని భార్య లక్ష్మి.

"కాకా, జర నా ఫోన్ సూడు. నేను పంపకుండనే అందరికి పెండ్లి పత్రిక పోతుంది."

"పోనీయ్ రా, వచ్చే వారం నీ బిడ్డ పెండ్లే గదా!"

"గది మా బిడ్డ పత్రిక కాదు కాకా!" అంది లక్ష్మి, ఏడుపు ఆపుకుంటూ.

ముందురోజు ఒక తెలిసినవాడి నంబర్ నుంచి రాజన్నకు 'పెండ్లి పత్రిక' అని ఒక ఫైల్ వచ్చింది. అది ఏపీకే, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే యాప్. ఫోన్ హెచ్చరించింది. రాజన్న అన్నిటికీ 'అలౌ', అంటే సరేనని, నొక్కాడు.

"ఎందుకు నొక్కినవ్ రా?"

"పత్రిక తెరువకుంటే ఇజ్జత్ తీసినట్టు కాదా కాకా?"

మెసేజ్‌లు చదివే అనుమతి దొరకగానే ఆ యాప్ ఓటీపీ లాగేసింది. దొంగలు అతని వాట్సాప్‌ను వేరేచోట తెరిచి, అదే ఫైల్‌ను చుట్టాలందరికీ పంపారు.

కన్ను మూసి తెరిచేలోగా దొంగ పీక పట్టుకున్నానని రాయాలని ఉంది. నేను చేసిందల్లా నెట్ ఆపి, నా ఫోన్ నుంచి బ్యాంకుకూ సైబర్ హెల్ప్‌లైన్‌కూ చెప్పించి, అతని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం, అంటే మొత్తం తుడిచేయడం. తర్వాత వాట్సాప్ మళ్లీ అతని చేతికొచ్చింది.

సాయంత్రం రాజన్న తన బిడ్డ పెళ్లి అసలు పత్రికను అందరికీ పంపాడు. ఒక్కరూ తెరవలేదు. పక్క గల్లీ సత్తవ్వ ఫోన్ చేసి మరీ కడిగేసింది: "మళ్లా దొంగ పత్రికనా రాజన్నా? నేను ముట్ట!"

"పెండ్లికి ఎవ్వరు రారేమో," అని రాజన్న కూలబడ్డాడు. లక్ష్మి మాత్రం కుంకుమ భరిణ తీసింది.

"నడువ్. ఇంటింటికి పోయి బొట్టు పెట్టి చెప్తం."

ఆ ఊరేగింపుకు నేనే నాయకుణ్ణి. నిజానికి నన్ను ఎవరూ పట్టించుకోలేదు. లక్ష్మి బొట్టు పెట్టాకే ఆడవాళ్లు నవ్వి, తమ ఫోన్లు నా చేతికిచ్చారు. కొన్నిట్లో ఆ యాప్ ఉండనే ఉంది.

సత్తవ్వ ఫోన్‌లోనూ ఉంది. "రాజన్న పేరు సూసి నొక్కిన," అంది నెమ్మదిగా. "పెండ్లికి అందరికన్నా ముందు నేనే వస్త, పో."

దొంగలు వాడుకున్నది ఫోన్ ఒక్కదాన్నే కాదు, రాజన్న పేరు మీద ఇన్నేళ్లుగా ఉన్న నమ్మకాన్ని కూడా. అందుకే ఇప్పుడు దుకాణానికి వచ్చినవాళ్లకు ఒక్కటే చెబుతాను: పత్రికను మనం చదవాలి. మన మెసేజ్‌లు చదువుతానని అడిగేది పత్రిక కాదు. పంపిన మనిషికి ఫోన్ చేసి, గొంతు విన్నాకే నమ్మండి.