బక్రీద్ మేక మేసిన రిసర్చ్

గద్వాల మొత్తంల సముద్రపు నాచు మీద రిసర్చ్ చేసే మొనగాణ్ణి నేనొక్కణ్ణే! ఆ రిసర్చ్‌ను మొన్న మా బక్రీద్ మేక మేసింది.

నవ్వకుండ్రి, జర వినుండ్రి. హైదరాబాద్‌ల మా ల్యాబ్ పనేందంటే, ఎండిన నాచును పొడి చేసి, వేడినీళ్లల్ల ఉడకబెట్టి, వడకట్టి, ఆల్కహాల్ పోస్తం. తెల్లటి పోగులు తేల్తయి. అవే పాలీశాకరైడ్లు. వాటిని తెల్లరక్తకణాలకిస్తే, రోగాలతోటి కొట్లాడే దమ్ము పెరుగుతదా లేదా అని చూస్తం.

పోయిన వారం మా ల్యాబ్ సార్ నాకు కిలో పచ్చి నాచు ఇచ్చిండు. "కడిగి ఆరబెట్టు. సోమవారం పొడి నా టేబుల్ మీద ఉండాలె. ఇది పోతే మళ్ల దొరికేది ఏడాదికే!"

"ఇక్కడి గాలికి ఆరదు సార్. మా గద్వాలల రెండు దినాలకే గలగలలాడుతది," అని చెప్పి బస్సెక్కిన.

ఎక్కేముందు అమ్మీకి ఫోన్ చేసిన. మేకను తెచ్చిన కాడికెల్లి దాని ముచ్చటే, కొడుకు ముచ్చట లేదు! ఏడిపిద్దామని, "నీ మేకకు సముద్రంకెల్లి గడ్డి తెస్తున్న అమ్మీ!" అన్న.

శనివారం నాచు కడిగి, రేకుల కింద మంచం మీద పరిచిన. ఆదివారం అమ్మీ చేతి జొన్నరొట్టె తింటే కన్నంటుకున్నది. లేచి చూస్తే మంచం ఖాళీ! పక్కన మేక మూతి నాక్కుంటున్నది. అమ్మీ దాని మెడ నిమురుతున్నది.

"అమ్మీ! నా నాచేది?"

"మొత్తం తిన్నది బేటా! ఉప్పుప్పగ ఉన్నట్టుంది, ఒక్క రెమ్మ వదల్లే. నా కొడుకు మేకకు సముద్రంకెల్లి గడ్డి తెచ్చిండని గల్లీ అంత చెప్పిన."

అమ్మీ మొఖంల సంబురం చూసి, మెల్లగ చెప్పిన.

"అది తెల్లకణాలకు అమ్మీ..."

"మేకకు లేవా తెల్లకణాలు?"

సార్‌కు ఫోన్ చేసి చెప్పిన.

"ల్యాబ్‌ల ఆరబెట్టే మిషన్ ఖాళీగనే ఉండె గదరా! గద్వాలకెందుకు మోసుకపోయినవ్?"

"గాలి, సార్..." అన్న.

మీకైతే నిజం చెప్త, ఎవరికీ చెప్పకుండ్రి. ఇరవై మూడేండ్లొచ్చినయ్ నాకు. ఇట్ల నాచు వంక దొరికితే తప్ప, పండుగ దాంక ఊరికి పోయేటందుకు సెలవు లేదు. అందుకని ప్రతి ఆదివారం హైదరాబాద్ బస్టాండ్‌కు పోత. గద్వాల బస్సు కదిలే దాంక నిలబడి, చెయ్యి ఊపి వస్త. లోపల నాకు తెలిసినోళ్లు ఒక్కరు కూడ ఉండరు.